శారదా సదన్ గది తలుపు: పండిత రమాబాయి మాట తప్పిందా?

కొరిటెపాడు:

మా చర్చిలో స్త్రీల సమాజం వాళ్ళు వచ్చే నెల మీటింగ్‌లో పండిత రమాబాయి గురించి పది నిమిషాలు మాట్లాడమన్నారు. సరే అన్నాను. పది నిమిషాల ముక్క కోసం మూడు వారాలుగా చదువుతున్నాను. ఇప్పుడు ఏం చెప్పాలో తేలక టెన్షన్ పట్టుకుంది.

మా వాళ్ళకి రమాబాయి అంటే ఒకటే గుర్తు. 1905లో, ఆమె పుణె వైపు కేడ్‌గావ్‌లో నడిపిన ముక్తి మిషన్‌లో వచ్చిన ఉజ్జీవం, అంటే భక్తి వెల్లువ. ఆడపిల్లలు రాత్రీ పగలూ ప్రార్థించారు, తమకే తెలియని భాషల్లో మాట్లాడారు. అంతవరకే. ఆమె ఆడవాళ్ళ హక్కుల కోసం కొట్లాడిన మనిషి అంటే మా సమాజంలో ఒక పెద్దమ్మ "అవన్నీ లోకసంబంధమైన సంగతులమ్మా, ఆత్మ గురించి చెప్పు" అంది. మా ఆఫీసులో గొడవ ఇంకోలా ఉంది. "ఆవిడా? మతం ఊసెత్తనని డబ్బు తెచ్చి విధవల్ని మతం మార్చింది. తిలక్ పట్టుకున్నాడు" అని ఒకాయన భోజనం బాక్సు మూత పెడుతూ తేల్చేశాడు.

తెలియనివాళ్ళ కోసం కథ కొంచెం చెబుతాను. రమాబాయి 1858లో పుట్టింది. తండ్రి అనంతశాస్త్రి డోంగ్రే చిత్పావన బ్రాహ్మణుడు, పండితుడు. ఆడదానికి సంస్కృతం చెప్పకూడదన్న రోజుల్లో ఆయన భార్యకి చెప్పాడు. ఆమె కూతురికి చెప్పింది. పురాణాలు చదువుకుంటూ కుటుంబమంతా క్షేత్రాలు తిరిగింది. కరువులో తల్లిదండ్రులు పోయారు. మిగిలిన అన్నాచెల్లెళ్ళు కలకత్తా చేరారు. అక్కడి పండితులు 1878లో ఈ అమ్మాయిని పరీక్షించి పండిత, సరస్వతి అని బిరుదులు ఇచ్చారు. 1880లో వేరే కులం బెంగాలీ వకీలుని పెళ్ళాడింది. రెండేళ్ళు తిరక్కుండానే అతను కలరాతో పోయాడు. చంకలో పాపతో పుణె వచ్చి 1882లో ఆర్య మహిళా సమాజ్ పెట్టింది. 1883లో వైద్యం చదువుదామని ఇంగ్లండు వెళ్ళింది. చెవుడు వల్ల అది కుదరలేదు. ఆ ఏడే వాంటేజ్ అనే ఊళ్ళో బాప్తిస్మం తీసుకుంది. తర్వాత అమెరికా వెళ్ళి ఊరూరా మాట్లాడి డబ్బు కూడగట్టి, 1889 మార్చి 11న బొంబాయిలో శారదా సదన్ తెరిచింది. పై కులాల బాలవితంతువులకి తిండి, నీడ, చదువు. మరుసటి ఏడు అది పుణెకి మారింది.

అసలు సంగతి ఇక్కడ మొదలవుతుంది. డబ్బు ఇచ్చేది బోస్టన్‌లో పెట్టిన రమాబాయి అసోసియేషన్. దానిలో రకరకాల చర్చిల వాళ్ళు ఉన్నారు. బడిలో మతబోధ ఉండకూడదనేది ఒప్పందం. ఇక్కడ సలహా సంఘంలో రానడే, భండార్కర్ లాంటి హిందూ సంస్కర్తలు కూర్చున్నారు. పిల్లలు తమ ఆచారాలు, మడి పాటించుకోవచ్చు. రమాబాయి మాత్రం తన గదిలో కూతురు మనోరమని కూర్చోబెట్టుకుని ప్రార్థన చేసుకునేది. తలుపు వేసేది కాదు. ఇష్టం ఉన్న పిల్లలు వచ్చి కూర్చునేవారు. ఈ కబురు బయటికి పొక్కింది. తిలక్ పత్రిక కేసరి దుమ్మెత్తి పోసింది. 1893లో రానడే, భండార్కర్ తప్పుకున్నారు. పాతిక మంది దాకా పిల్లల్ని ఇళ్ళవాళ్ళు తీసుకుపోయారు.

ఆ తలుపు తెరిచి ఉంచడం మాట తప్పడమా, కాదా? కాదు అని నా మాట. మీ తిట్లు అయ్యాక కారణం చెబుతాను.

గోదారిగట్టు:

తిట్టను గానీ ఒప్పుకోను.

రమాబాయి మీద నాకు గౌరవం ఉంది. మా రాజమండ్రిలో కందుకూరి 1881 డిసెంబరులో మొదటి వితంతు వివాహం చేయించిన రోజుల్లోనే ఆవిడ పుణెలో ఆడవాళ్ళని కూడగడుతోంది. మనం కందుకూరిని చదువుకున్నంతగా ఆమెని చదువుకోలేదు, అది మన లోపం. కానీ మీ ప్రశ్నకి జవాబు గౌరవంతో తేలదు.

ఆ గది అద్దె ఇంట్లో గది కాదు. ఆ పిల్లలకి అన్నం పెట్టే మనిషి గది. పన్నెండు, పదిహేనేళ్ళ పిల్లలు. గుండు చేయించుకుని, ఒంటిపూట తిండి తిని, తిట్లు పడి వచ్చినవాళ్ళు. పుట్టాక మొదటిసారి ఒకావిడ వాళ్ళని ప్రేమగా చూసింది. ఆవిడ రోజూ పొద్దున్న ఏదో చదువుతుంది, కళ్ళు మూసుకుంటుంది, తలుపు తీసే ఉంటుంది. పిల్లలు వెళ్ళకుండా ఉంటారా? నోటితో రమ్మని పిలవకపోయినా అది పిలుపే.

మా చెల్లెలు ఇంటర్ చదివేటప్పుడు ఒక హాస్టల్లో ఉండేది. పేరు ఎందుకులెండి. పొద్దున ప్రార్థనకి రాకపోతే ఎవరూ ఏమీ అనేవాళ్ళు కాదట. కానీ వచ్చినవాళ్ళకి వార్డెనమ్మ తల నిమిరేది, రానివాళ్ళ వంక చూసేది కూడా కాదు. మూడో వారానికి మా చెల్లి కూడా వెళ్ళి కూర్చుంది. ఇప్పటికీ అడిగితే "ఎవరూ బలవంతపెట్టలేదు అన్నయ్యా" అనే అంటుంది. నాకు మాత్రం ఆ మాట గుచ్చుకుంటూనే ఉంది.

ఇంకో సంగతి మీరు దాటేశారు. 1887లో బోస్టన్‌లో మాట ఇచ్చిన రమాబాయి వేరు, 1893 రమాబాయి వేరు. 1891లో ఆమెకి మళ్ళీ ఒక మారుమనసు అనుభవం కలిగింది. ఎనిమిదేళ్ళుగా క్రైస్తవ మతం నాకు దొరికింది గానీ క్రీస్తు దొరకలేదు అన్నట్టు ఆమే చెప్పుకుంది. అప్పటి నుంచి విశ్వాసం ఇతరులకి చెప్పి తీరాల్సిన సంగతి అయింది ఆమెకి. మనసు మారితే మారనీ. అప్పుడు ఒప్పందం కూడా మార్చాలి కదా? రానడే వెనక ఎవరున్నారు? మహారాష్ట్రలో ప్రతి సనాతనీ "నీ మాట నమ్మి పిల్లని పంపాం" అని నిలదీసింది ఆయన్నే. ఆయన తప్పుకోక ఏం చేస్తాడు?

నీలిజెండా:

మీ ఇద్దరూ బ్రాహ్మణ ఇంటి గది తలుపు తీశారా, వేశారా అని కొట్టుకుంటున్నారు. వీధి గేటు లోపలికే రానివ్వని వాళ్ళ సంగతి?

శారదా సదన్ మొదట్లో ఎవరి కోసం? పై కులాల వితంతువుల కోసం. 1887లో అమెరికాలో అచ్చు వేసిన ఇంగ్లిష్ పుస్తకం పేరులోనే హై కాస్ట్ ఉంది. మా అమ్మమ్మల కాలంలో మాల పల్లెలో, మాదిగ పల్లెలో భర్త పోతే గుండు చేయించేవాళ్ళు కాదు, మారు మనువు ఉండేది. వాళ్ళ కష్టం వేరు: పొలంలో దొర, కాలవ గట్టున ఆకలి. రమాబాయి కళ్ళకి అది చాలా ఆలస్యంగా కనబడింది. 1896-97 కరువులో మధ్య పరగణాలకి వెళ్ళి పిల్లల్ని పట్టుకొచ్చినప్పుడు. అప్పుడు కులం చూడలేదు, ఒప్పుకుంటాను. కేడ్‌గావ్ ముక్తి అలా పుట్టింది.

ఈ "అన్నం పెట్టి మతం మార్చారు" మాట మాకు కొత్త కాదు. ఒంగోలులో 1876-78 కరువులో అమెరికన్ మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హాం కాలవ పని కాంట్రాక్టు తీసుకుని మా వాళ్ళకి కూలి ఇప్పించాడు. కరువు ఉన్నంత కాలం బాప్తిస్మాలు ఆపేశాడు, అన్నం కోసం వస్తారని. తర్వాత 1878 జులైలో ఒక్క రోజే 2,222 మంది తీసుకున్నారు. అయినా నేటికీ మమ్మల్ని గంజి కోసం మారినవాళ్ళే అంటారు. ఆకలితో ఉన్నవాడు తీసుకున్న నిర్ణయం నిర్ణయమే కాదు అనడం ఎంత సుఖమైన వాదన! గోదారిగట్టు గారూ, మీ చెల్లెలు "ఎవరూ బలవంతపెట్టలేదు" అంటే మీరు నమ్మరు. ఆవిడ మనసులో మాట ఆవిడ కంటే మీకే బాగా తెలుసా?

గోదారిగట్టు:

నీలిజెండా గారూ, ఆ చివరి వాక్యం సూటిగా తగిలింది. దాని మీద ఆలోచించుకుంటాను. కానీ క్లౌ చేసిన పని నా వైపే సాక్ష్యం చెబుతోంది చూడండి. అన్నం పెడుతున్నంత కాలం బాప్తిస్మం ఇవ్వనన్నాడు. అంటే ఆ రెండూ కలిస్తే ఇబ్బంది అని ఆయనకి తెలుసు. రమాబాయికి తెలియదా?

భరతఖండం:

ఇంత చర్చ అనవసరం. తెల్లవాళ్ళ డబ్బు, తెల్లవాళ్ళ మతం, తెల్లవాళ్ళ మెడల్. 1919లో కైసర్-ఇ-హింద్ పతకం ఇచ్చింది కూడా తెల్లవాళ్ళే. ఇంకా ఏం కావాలి?

దారపుకండె:

భరతఖండం గారికి ముందు జవాబు, తర్వాత మిగతాది. మాది సోలాపూర్. పద్మశాలీలం, తాతల కాలంలో కరీంనగర్ వైపు నుంచి మగ్గం పని కోసం వచ్చాం. బడిలో మరాఠీ, ఇంట్లో తెలుగు. రమాబాయి మరాఠీ చదవగలను కాబట్టి కొంచెం ధైర్యంగా మాట్లాడుతున్నాను.

తెల్లవాళ్ళకి ఆమె తల వంచిందా? వాంటేజ్ సన్యాసినులతో ఆమె ఉత్తరాల యుద్ధం చూడండి. తండ్రి, కుమారుడు, పరిశుద్ధాత్మ ఒకే దేవుడనే త్రిత్వం నాకు అర్థం కాలేదు, అర్థం కానిదాన్ని నమ్ముతున్నానని చెప్పను అంది. మెడలో వేసుకునే శిలువ మీద లాటిన్ అక్షరాలు ఎందుకు, సంస్కృతం ఎందుకు ఉండకూడదు అని అడిగింది. అక్కడ కూడా మాంసం ముట్టలేదు. సిస్టర్ జెరాల్డిన్ అనే ఆవిడకి ఇదంతా గర్వంగా కనబడింది. చెప్పినట్టు వినాలి అంది. మన పురోహితుల కాడిని ఎంతో కష్టపడి మెడ మీద నుంచి దించుకున్నాను, అలాంటిదే ఇంకో కాడి ఎత్తుకోను అనే అర్థం వచ్చేలా 1885లో రమాబాయి జవాబు రాసింది.

నాకు అన్నిటికంటే ఇష్టమైనది ఇంకొకటి. చెల్టెన్‌హాంలో ఆడపిల్లల కాలేజీలో ఆమె ఉండేది. అక్కడి ప్రిన్సిపాల్ డొరొతియా బీల్, ఈమె మగ విద్యార్థులకి కూడా దేశభాషలు చెబితే నాలుగు డబ్బులు వస్తాయి కదా అనుకుంది. మన దేశంలో పనిచేసిన ఇద్దరు బిషప్పులు వద్దన్నారు. మగాళ్ళకి పాఠం చెబితే ఇండియాలో పరువు పోతుందట! రమాబాయికి ఒళ్ళు మండింది. మా నాన్న, మా ఆయన ఏనాడూ అడ్డు చెప్పలేదు, మా అమ్మ మగపిల్లలకి చెప్పింది, నేనూ చెప్పాను, మీరెవరు అని అడిగింది. సనాతన బ్రాహ్మణ ఇంట్లో దొరికిన స్వేచ్ఛని ఇంగ్లండు బిషప్పు తీసేస్తానంటే ఊరుకోలేదు. దీన్ని తెల్లవాళ్ళకి తల వంచడం అంటారా?

1887లో రుక్మాబాయి కేసు. చిన్నప్పుడు చేసిన పెళ్ళి, కాపురానికి వెళ్ళనంటే, కాపురానికి వెళ్తావా జైలుకి వెళ్తావా అంది కోర్టు. బ్రిటిష్ ప్రభుత్వాన్ని ఏమనాలి, ఇండియాలో మగవాళ్ళతో చేసుకున్న ఒప్పందాన్ని అది నిలబెట్టుకుంటోంది అని రమాబాయి ఎత్తిపొడిచింది. 1897లో పుణెలో ప్లేగు వస్తే ఆసుపత్రుల్లో ఆడవాళ్ళ పట్ల జరుగుతున్న తీరు మీద పత్రికకి ఉత్తరం రాసింది. తన దగ్గరి అమ్మాయి ఒకతి ఆ ఏర్పాట్లకి బలైందని రాసింది. లండన్ పార్లమెంటు దాకా పోయింది ఆ గొడవ. పతకం ఆ తర్వాత ఇరవై ఏళ్ళకి వచ్చింది.

వేదిక నిర్వాహకుడు:

రెండు కామెంట్లు తీసేశాను. రమాబాయి పెళ్ళి గురించి, కులం గురించి బూతులు. విషయం మీద ఉండండి.

ఎర్రఇంకు:

నాకు మీ అందరి ప్రశ్నా కొంచెం పక్కకి జరిగినట్టుంది. ఆమె విశ్వాసం బండికి ఇంజనా, లేక వెనక తగిలించిన పెట్టెనా? నా అనుమానం రెండోదే.

లెక్క చూడండి. 1882లో, బాప్తిస్మానికి ఏడాది ముందు, చదువుల మీద ప్రభుత్వం వేసిన హంటర్ కమిషన్ ముందు నిలబడి సాక్ష్యం చెప్పింది. ఈ దేశంలో చదువుకున్న మగాళ్ళలో నూటికి తొంభై తొమ్మిది మంది ఆడవాళ్ళ చదువుకి అడ్డమే, ఆడదానిలో ఆవగింజంత తప్పు కనబడితే కొండంత చేస్తారు అంది. ఆడ డాక్టర్లు కావాలి, ఆడ టీచర్లు కావాలి, వాళ్ళకి సరైన జీతం, ఉండటానికి చోటు కావాలి అంది. అప్పటికి ఏ యేసూ లేడు ఆమె మాటల్లో. ఆ కోపం ఎక్కడిది? తిరుపతి అడవిలోది. కరువులో తిండి అయిపోయి, చావడానికే సిద్ధపడి ఆ కుటుంబం తిరుపతి అడవిలోకి వెళ్ళింది. నీళ్ళు, ఆకులు, గుప్పెడు ఈతపళ్ళతో పదకొండు రోజులు. అంతకు ముందు ఉన్నదంతా దేవుళ్ళకి, బ్రాహ్మణులకి దానాలు చేశారు. ఏ దేవుడూ పలకలేదని ఆమే రాసుకుంది. పదహారేళ్ళ పిల్ల ఆకలి అది. తర్వాత వచ్చిన మతం దానికి ఒక భాష ఇచ్చి ఉండొచ్చు. నిప్పు మాత్రం ముందే ఉంది.

కొరిటెపాడు:

ఎర్రఇంకు గారూ, నిప్పు ముందే ఉందన్నది ఒప్పుకుంటున్నాను. కానీ కోపం ఉన్నవాళ్ళందరూ ఆశ్రమాలు కట్టలేదు.

నేను మొదట దాచుకున్న కారణం ఇప్పుడు చెబుతాను. కలకత్తాలో ఉండగా ఆమె ధర్మశాస్త్రాలు స్వయంగా చదివింది. అన్ని పుస్తకాలూ దేనిమీదైనా తగవులాడుకుంటాయి గానీ రెండు సంగతుల్లో మాత్రం ఏకమాట మీద ఉన్నాయి, ఆడది చెడ్డది, భర్తని పూజించడం తప్ప దానికి వేరే గతి లేదు అని అర్థం చేసుకుంది. తర్వాత ఇంగ్లండులో వాంటేజ్ సిస్టర్లు ఆమెని లండన్ ఫుల్‌హాంలో ఒక ఇంటికి పంపారు. వీధిన పడ్డ ఆడవాళ్ళని చేరదీసే ఇల్లు అది. పతితలు అని మనం ముఖం తిప్పుకునే ఆడవాళ్ళకి సిస్టర్లు సేవ చేస్తున్నారు. "వీళ్ళకెందుకు ఇంత చేస్తున్నారు?" అని అడిగింది. జవాబుగా ఒక సిస్టర్ ఆమెకి సమరయ స్త్రీ కథ చదివి వినిపించింది. యోహాను నాలుగో అధ్యాయం. ఐదుగురు భర్తలైపోయిన ఆడదాన్ని, వేరే జాతి ఆడదాన్ని, బావి దగ్గర యేసు నీళ్ళు అడుగుతాడు. దాహానికి. మన ఊళ్ళలో బావి దగ్గర ఎవరు ఎవరి చేతి నీళ్ళు తాగేవారు, ఎవరు తాగేవారు కాదు అన్నది నీలిజెండా గారికి నేను చెప్పక్కర్లేదు. పడిపోయిన ఆడదాన్ని లేపే దేవుడు ఒకడున్నాడని అక్కడే తెలిసిందని ఆమె రాసుకుంది.

మన సంస్కర్తలు అప్పటికి ఎవరి గురించి మాట్లాడుతున్నారు? తప్పు చేయని బాలవితంతువు గురించి. పసిపిల్ల, పవిత్రురాలు, కాబట్టి దయ చూపించాలి. తప్పు చేసిందనిపించుకున్న ఆడదాని గురించి నోరెత్తిందెవరు? రమాబాయి కేడ్‌గావ్‌లో కృపా సదన్ పెట్టింది వాళ్ళ కోసమే. ఆ అడుగు ఫుల్‌హాం నుంచి వచ్చింది, సమరయ బావి దగ్గర నుంచి వచ్చింది. హక్కు అన్నది యోగ్యత ఉన్నవాళ్ళకే కాదు అని ఆమెకి నేర్పింది విశ్వాసమే. ఇంజనో పెట్టెనో నాకు తెలియదు, పట్టాలు మాత్రం అవే.

అందుకే ఆ తలుపు ఆమె వేయలేకపోయింది. వేస్తే తన బతుకు అబద్ధం అవుతుంది. పైగా తలుపు మూసి, పిల్లలకి కనబడకుండా ప్రార్థించుకుంటే అప్పుడు కూడా కేసరి ఊరుకునేదా? "లోపల రహస్యంగా ఏం చేస్తోందో" అని రాసేది!

గోదారిగట్టు:

ఈ చివరి మాట నిజమే, నవ్వొచ్చింది. కేసరి ఏం చేసినా రాసేది. అంతకు రెండేళ్ళ ముందే కాపురానికి పంపే వయసు పదేళ్ళ నుంచి పన్నెండుకి పెంచే చట్టం వస్తే తిలక్ దాన్ని ఎదిరించాడు. ఆయన బాధ అంతా పిల్లల మతం గురించేనా అని నాకూ అనుమానమే.

అయితే తిలక్ తప్పు రమాబాయిని ఒప్పు చేయదు. ఆమె బోస్టన్‌కి ఒక ఉత్తరం రాసి, "నా మనసు మారింది, ఇక నుంచి మతం విషయంలో నేను మౌనంగా ఉండలేను, ఇష్టం ఉన్నవాళ్ళే పిల్లల్ని పంపండి" అని ఇక్కడ పత్రికలో వేయించి ఉంటే నాకు ఏ పేచీ లేదు. 1898లో బోస్టన్ వాళ్ళు డబ్బిస్తామన్న పదేళ్ళ గడువు అయిపోయాక ముక్తిని బాహాటంగా క్రైస్తవ సంస్థగా నడిపింది. అది నిజాయితీ. ఆ పని ఐదేళ్ళ ముందు చేయాల్సింది.

దారపుకండె:

ఇక్కడ ఒక ముక్క కలపాలి. బోస్టన్ వాళ్ళు 1893 గొడవ తర్వాత డబ్బు ఆపలేదు, గడువు తీరేదాకా ఇచ్చారు. ఒప్పందంలో ఒక పక్షానికి మోసం కనబడలేదన్నమాట. రెండో పక్షానికి కనబడింది. రెండు పక్షాలూ మతబోధ లేదు అన్న ఒకే ముక్కని రెండు రకాలుగా చదువుకున్నాయి. బోస్టన్ వాళ్ళకి దాని అర్థం క్లాసులో బైబిలు చెప్పకూడదు, అంతే. పుణె వాళ్ళకి దాని అర్థం ఆ ఇంటి గోడల లోపల క్రీస్తు పేరే వినబడకూడదు అని. ముందే కూర్చుని తేల్చుకోవాల్సింది. నేను నూలు వ్యాపారంలో ఉన్నాను, బిల్లు మీద "మంచి సరుకు" అని రాస్తే తర్వాత ఎన్ని తగాదాలు వస్తాయో నాకు తెలుసు.

ఇంకొకటి. శారదా సదన్‌లో మొదట చేరిన వితంతువుల్లో గోదూబాయి అనే అమ్మాయి ఉంది. ఆమె మతం మారలేదు. 1893లోనే, ఇంత రచ్చ జరుగుతున్న ఏడాదే, ఆమె ధోండో కేశవ్ కర్వేని పెళ్ళి చేసుకుని ఆనందీబాయి కర్వే అయింది. కర్వే 1896లో పుణెలో హిందూ వితంతువుల కోసం ఆశ్రమం పెట్టాడు, 1916లో ఆడవాళ్ళ యూనివర్సిటీ పెట్టాడు, 1958లో భారతరత్న వచ్చింది. రమాబాయి గది తలుపు లోంచి బయటికి వచ్చినవాళ్ళు కూడా ఉన్నారు. ఆ లెక్క ఎవరూ వేయరు.

నీలిజెండా:

నేను మొదట కొంచెం దురుసుగా రాశాను. ఒక దిద్దుబాటు. ఆమె క్రైస్తవురాలైందని పుణె పెద్దలంతా మండిపడుతుంటే 1885లో జోతీరావ్ ఫూలే ఆమె వైపు నిలబడి రాశాడు. శాస్త్రాలు చదివిన బ్రాహ్మణ స్త్రీకే ఆ మతంలో చోటు లేదనిపిస్తే, తప్పు ఆమెదా, ఆ మతానిదా అని ఆయన వాదన. ఫూలే క్రైస్తవుడు కాడు. మతం మారడం హక్కు అనుకున్నాడు. ఆడవాళ్ళ హక్కుల లిస్టులో ఇది కూడా ఒకటి అని మనం ఎందుకు చేర్చం? చదువు, ఆస్తి, పెళ్ళి అన్నీ రాస్తాం. దేవుణ్ణి ఎంచుకునే హక్కు దగ్గరికి వచ్చేసరికి ఎవరు ప్రేరేపించారు, ఎవరు లొంగదీశారు అని మొదలెడతాం. మగాడు మారితే ఆలోచించి మారాడంటాం.

కులం విషయంలో నా ఫిర్యాదు మాత్రం అలాగే ఉంది.

ఎర్రఇంకు:

నీలిజెండా గారి మాటకి నా చేయి ఎత్తుతున్నాను. ఒక ఇబ్బంది మాత్రం చెప్పాలి. ముక్తి రోజుల్లో సుమారు రెండు వేల మంది ఆడవాళ్ళు, పిల్లలు. కరువులోంచి వచ్చినవాళ్ళు. అక్కడ మతం మారకుండా ఉండే వీలు, శారదా సదన్‌లో గోదూబాయికి ఉన్నంతగా, ఉందా? రోజంతా ప్రార్థనల చుట్టూ తిరిగే ఊళ్ళో "నాకు వద్దు" అనడానికి ఎంత గుండె కావాలి? 1905 ఉజ్జీవం గొప్పదే కావచ్చు. నాకు మాత్రం 1882లో కమిషన్ ముందు కూర్చున్న పిల్ల ఎక్కువ ఇష్టం. రమాబాయి తర్వాతి ఏళ్ళలో ఆ పిల్ల చిన్నగా తప్పుకుందేమో అనిపిస్తుంది.

కొరిటెపాడు:

తప్పుకోలేదు. ఆ పిల్ల ప్రెస్‌లో ఉంది.

ముక్తిలో ప్రెస్ పెట్టింది. రమాబాయి చివరి ఏళ్ళన్నీ బైబిలుని హీబ్రూ, గ్రీకు నుంచి మరాఠీలోకి తేవడానికి ఖర్చు పెట్టింది. పండితుల మరాఠీ కాదు, చదువు అంతంతమాత్రం వచ్చిన ఆడది కూడా అర్థం చేసుకునే మరాఠీ. అక్షరాలు కూర్చింది, అచ్చు వేసింది ఆ ఆడవాళ్ళే. కరువులో చచ్చిపోవాల్సిన పిల్లలు. భర్త దగ్గర సంస్కృతం నేర్చుకుని తల్లి ఏ తప్పు చేసిందని పండితులు ఉడుపిలో తండ్రిని నిలదీశారో, అదే తప్పుని కూతురు వందల మంది చేత చేయించింది. మూలం నుంచి దేవుడి మాట చదివి, అనువదించి, అచ్చు వేసే పని చేసిన ఆడవాళ్ళు. కూతురు మనోరమ 1921లో పోయింది, తను 1922 ఏప్రిల్‌లో పోయింది. పూర్తి బైబిలు 1924లో వచ్చింది.

గోదారిగట్టు గారూ, మీకు సగం ఇచ్చేస్తున్నాను. 1891 తర్వాత ఆ కాగితం తిరగరాయాల్సింది. రానడే పక్షాన నిలబడి చూస్తే నాకే ఇబ్బందిగా ఉంది. కానీ మీ చెల్లెలి హాస్టల్‌కి, శారదా సదన్‌కి తేడా ఉంది. అక్కడ రానివాళ్ళ వంక ఆవిడ చూడలేదని మీరే అన్నారు. గోదూబాయిని రమాబాయి చూడకపోతే ఆనందీబాయి కర్వే ఉండేది కాదు.

మా మీటింగ్‌లో ప్రెస్ గురించే మాట్లాడతాను. పెద్దమ్మ "ఆత్మ సంగతి చెప్పు" అంది కదా. చెబుతాను, అక్షరాలు కూర్చే కేసు ముందు నిలబెట్టి.

గోదారిగట్టు:

సగం చాలు. మా చెల్లికి ఈ చర్చ లింకు పంపాను. "ఇప్పటికైనా నన్నడిగావా" అంది. ఫోన్ చేస్తానంది. వణుకుగా ఉంది.

కొరిటెపాడు:

దారపుకండె గారూ, ఒక చిన్న సాయం. కేడ్‌గావ్ మీ సోలాపూర్ లైన్‌లోనే కదా? దసరా సెలవుల్లో మా పెద్దమ్మని తీసుకుని వద్దామని ఉంది.

దారపుకండె:

అవునమ్మా, పుణె-సోలాపూర్ లైనే. మీ వైపు నుంచి వచ్చే ఎక్స్‌ప్రెస్‌ని నమ్ముకోవద్దు. దౌండ్‌లో దిగి పుణె వైపు వెళ్ళే లోకల్ ఎక్కండి, కేడ్‌గావ్‌లో ఆగుతుంది. పెద్దమ్మకి మోకాళ్ళ నొప్పులు ఉంటే ముందే చెప్పండి. దౌండ్‌లో ప్లాట్‌ఫాం మారాలంటే మెట్లు ఎక్కాలి.